ఒక్క టీకా అయిన కుక్కపిల్లని బయటికి తీసుకెళ్లొచ్చా?

మీ పిల్లకి 8 వారాలు, ఒక టీకా అయ్యింది. డాక్టరేమో 16 వారాలు నిండేదాకా బయట తిప్పొద్దన్నారు, తెలిసినవాళ్లేమో అన్నాళ్లు ఇంట్లోనే ఉంచితే పిరికిదవుతుందంటున్నారు. ఇద్దరు చెప్పిందీ నిజమే. అందుకే నేను పాటించేది ఒకటే: కాళ్లు బయటి నేల మీద పెట్టనివ్వను, కళ్లూ చెవులూ మాత్రం రోజూ బయటికి వెళ్లాల్సిందే.

కొత్తవాటిని బెదరకుండా ఒప్పుకునే వయసు కుక్కపిల్లకి సుమారు 3వ వారం నుంచి 12–14 వారాల దాకా ఉంటుంది. ఆ తర్వాత కూడా నేర్చుకుంటుంది గానీ, కొత్తది కనబడగానే ముందు అనుమానం పుడుతుంది. ఇక డాక్టరుగారి భయం పార్వో గురించి, అంటే కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు. జబ్బు కుక్క మలంతో నేలలో చేరిన వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉండిపోతుంది. మలం ఆనవాలు లేకపోయినా అది అక్కడే ఉండొచ్చు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకా సరిగ్గా పనిచేయదు, ఆ రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. 2–4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా టీకా వేసేది అందుకే. ఒకటి వేయించాం కదా అన్న ధీమా వద్దు.

రోజూ పదిహేను నిమిషాలు చంకలోనో, భుజానికి తగిలించుకునే సంచిలోనో ఎత్తుకుని తిప్పండి. కుక్కలు మూత్రం పోసే గడ్డి, నిలవ నీళ్లు ఉన్న చోట్లకి వెళ్లకండి. ఎక్కడైనా కూర్చుంటే ఒళ్లో తువ్వాలు పరుచుకోండి. టోపీలు, గొడుగులు, చేతికర్రలు, సైకిళ్లు, పరుగెత్తే పిల్లలు: ఇవన్నీ దూరం నుంచి కనబడితే చాలు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ముందు పిల్లకి కొత్తది, బస్సే అనుకోండి, కనబడాలి, ఆ వెంటనే తిండి నోట్లో పడాలి. తిండి ముందు చూపించి బస్సు దగ్గరికి తీసుకెళ్తే, తిండి కనబడితే ఏదో భయపెట్టేది వస్తోందని నేర్చుకుంటుంది. ముక్క బఠానీ గింజంత ఉంటే సరిపోతుంది. తోక కాళ్ల మధ్యకి ముడిచినా, నిద్ర వేళ కాకపోయినా ఆవలించినా, పెదవులు పదే పదే నాక్కున్నా, ఇష్టమైన తిండి కూడా ముట్టకపోయినా మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం. బుజ్జగిస్తూ అక్కడే నిలబడకండి, మళ్లీ తినేంత దూరం వెనక్కి రండి.

కనబడిన ప్రతివాళ్లూ ముట్టుకోవాలని లేదు. ముట్టుకునేవాళ్లు పక్కకి తిరిగి కూర్చుని, ఛాతీ మీద మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి. పిల్ల తనంతట తాను మళ్లీ చేతికి ఆనుకుంటే ఇంకోసారి నిమరొచ్చు. మొహం తిప్పుకుంటే అక్కడితో ఆపేయాలి. పెద్దవాళ్లయినా సరే, మొహమాటపడకుండా చెప్పండి.

వేరే కుక్కలు లేకుండా ఇది సాగదు. టీకాలన్నీ అయిన, ఆరోగ్యంగా ఉన్న, కుక్కపిల్లల్ని ఓర్చుకునే పెద్ద కుక్క తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే అంతకన్నా మంచిది లేదు. కుక్కపిల్లల క్లాసుకి మొదటి టీకా, మొదటి నులిపురుగుల మందు అయ్యి కనీసం 7 రోజులు గడిచాక వెళ్లొచ్చు, జంతు ప్రవర్తన చూసే అమెరికా పశువైద్యుల సంఘం చెప్పేదీ ఇదే. వచ్చే పిల్లలన్నింటికీ టీకా చీటీ అడుగుతున్నారా, నేల దేనితో కడుగుతున్నారు అన్నవి చూసుకోండి. ఆటలో అనుమానం వస్తే తరుముతున్న పిల్లని పట్టుకోండి. రెండోది తిరిగి దాని దగ్గరికే వస్తే అది ఆటే. దూరంగా పోయి దాక్కుంటే ఆట కాదు, విడదీయండి.

ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే విడవాలి. చాలా ఫ్లోర్ క్లీనర్లకి పార్వో చావదు. అనుమానం ఉన్న చోట మురికి పూర్తిగా తుడిచాక, 1 పాలు బ్లీచ్‌కి 30 పాలు నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. పిల్లని ఆరేదాకా వేరే గదిలో ఉంచాలి. గోళ్లు, చెవులు, నోరు తాకించుకోవడం రోజుకి నిమిషం చొప్పున అలవాటు చేయండి. ఉరుముల శబ్దం ఫోన్‌లో వినీవినబడనంత సన్నగా మొదలుపెట్టి, రోజుల తరబడి పెంచాలి.

వాంతులు, విరేచనాలు, తిండి మానేసి ముడుచుకు పడుకోవడం కనబడితే తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పండి, అక్కడ కూడా పిల్లని నేల మీద దించకండి.