మీ ప్రశ్న – మా జవాబు: అద్దె పెరిగితే ఆర్టిస్టులు ఎక్కడికి పోవాలి?

ప్రశ్న: నేను పెయింటింగ్ చేస్తాను. ఎనిమిదేళ్ల కిందట ఆరుగురం కలిసి, మూతబడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డును అద్దెకు తీసుకుని స్టూడియోగా మార్చుకున్నాం. అప్పట్లో ఆ వీధి వైపు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు చుట్టూ గ్యాలరీలు, కేఫ్‌లు. అద్దె డబుల్ ఇవ్వండి, లేదంటే ఖాళీ చేయండి అంటున్నారు ఓనర్. క్రియేటివ్ ఇండస్ట్రీస్ (కళలు, డిజైన్ లాంటి సృజనాత్మక రంగాలు) వల్ల నగరానికి బోలెడు ఆదాయమని ఎక్కడ చూసినా చెబుతున్నారు కదా, అందులో మా వాటా ఏది?
– ఒక చిత్రకారిణి

జవాబు: మీ వాటా మీ ఓనర్‌కి వెళ్తోందండీ. కటువుగా ఉంది గానీ నిజం అదే. ఆ వీధికి జనాన్ని తెచ్చింది మీరు, ధర పెరిగింది మాత్రం స్థలానికి, ఆ స్థలం మీ పేరున లేదు.

న్యూయార్క్‌లోని సోహో అనే పేటలోనూ ఇలాగే జరిగింది. ఫ్యాక్టరీలు వెళ్లిపోయాక ఖాళీ పడిన పెద్ద పెద్ద అంతస్తుల్లోకి 1960లలో ఆర్టిస్టులు చేరారు. రూల్స్ ప్రకారం అక్కడ కాపురం ఉండకూడదు, అయినా ఉన్నారు. 1971లో నగరం ఆర్టిస్టుల వరకు అనుమతి ఇచ్చింది, 1982లో అలాంటి భవనాల్లో అద్దెకున్నవాళ్లను కాపాడటానికి రాష్ట్రం ఒక చట్టం కూడా చేసింది. అయినా ఇవాళ సోహో అంటే ఖరీదైన షాపింగ్ వీధులే గుర్తొస్తాయి.

ఇక ఆ బోలెడు ఆదాయం సంగతి. 1998లో బ్రిటన్ ప్రభుత్వం క్రియేటివ్ ఇండస్ట్రీస్ లెక్క తీసినప్పుడు అందులో 13 రంగాలు చేర్చింది: సంగీతం, నాటకం, చేతిపనులతో పాటు అడ్వర్టైజింగ్, ఆర్కిటెక్చర్, చివరికి సాఫ్ట్‌వేర్ కూడా. చాలాచోట్ల ఇప్పటికీ దాదాపు ఇదే పద్ధతి. కాబట్టి ఎవరైనా పెద్ద అంకె చెబితే అందులో సాఫ్ట్‌వేర్ ఎంత, స్టూడియోలో రంగులు కలిపేవాళ్లది ఎంత అని తప్పకుండా అడగండి, ఎందుకంటే ఆ అంకె చూపించి తెచ్చిన రాయితీలు మీదాకా రాకుండానే అయిపోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఓనర్‌తో ఒక్కొక్కరు విడిగా మాట్లాడకండి, ఆరుగురూ కలిసే వెళ్లండి. అద్దె కొంచెం పెంచడానికి ఒప్పుకున్నా సరే, బదులుగా ఎక్కువ ఏళ్ల లీజు, ఏటా ఎంతకు మించి పెంచకూడదనేది కాగితం మీద రాయించుకోండి. అదే వీధిలో అద్దెకుంటున్న కుటుంబాలకూ ఇదే టెన్షన్ ఉంటుంది, వాళ్లను కలుపుకోండి. ఆర్టిస్టుల గొడవ అనుకుంటే అధికారులు వినరు, వీధి మొత్తం వస్తే వింటారు.

అసలైన రక్షణ మాత్రం భవనం మార్కెట్ చేతిలోంచి బయటికి రావడమే. న్యూయార్క్‌లోనే బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ పాత భవనాలను ఇళ్లు, స్టూడియోలుగా మార్చి 1970లో వెస్ట్‌బెత్ అనే ఆర్టిస్టుల నివాస సముదాయం తెరిచారు. దాన్ని లాభం కోసం కాని సంస్థ నడుపుతోంది, చుట్టుపక్కల ధరలు ఆకాశాన్నంటినా అక్కడ ఇప్పటికీ ఆర్టిస్టులే ఉంటున్నారు. మీ నగరపాలకులను అడగాల్సింది ఇలాంటి భవనం. ఉత్సవాలు, అవార్డులు తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా నాటకానికి హాలు నిండుతుంది, అయినా నటులకు సరిగ్గా డబ్బులివ్వలేకపోతున్నాం. తప్పు మాదేనా?
– ఒక దర్శకుడు

జవాబు: కాదు. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లోనే దీన్ని వివరించారు. ఫ్యాక్టరీలో యంత్రాలు మారేకొద్దీ ఒక్క మనిషి చేసే పని పెరుగుతుంది, జీతం కూడా పెరుగుతుంది. పది మంది నటుల నాటకానికి మాత్రం వందేళ్ల తర్వాతా పది మందే కావాలి, రిహార్సల్‌కి పట్టే రోజులూ అన్నే, కానీ బయట జీతాలు, ఖర్చులు పెరుగుతుంటే వాళ్లకూ పెంచాలి కదా. ఆ తేడా అంతా టికెట్ మీద వేస్తే జనం రారు.

అందుకే కొన్ని దేశాలు నేరుగా మనిషికే సాయం చేస్తున్నాయి. ఫ్రాన్స్‌లో రంగస్థల, సినిమా కళాకారులు 12 నెలల్లో 507 గంటల పని చూపిస్తే, పని లేని రోజులకు భృతి వస్తుంది. ఐర్లాండ్ 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇవ్వడం ప్రయోగంగా మొదలుపెట్టింది. అలాంటి ఏర్పాటు లేనిచోట గ్రాంట్ అడిగేటప్పుడు ప్రదర్శన ఖర్చులతో ఆపేయకండి, రిహార్సల్ రోజుల జీతం కూడా బడ్జెట్‌లో విడిగా చూపించండి. చాలామంది అది రాయడమే మర్చిపోతారు.