తోలు దీపాలతో కలెక్షన్ కట్టబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పద్నాలుగు దీపాలు, పద్నాలుగు కొలతలు, ఒక్కోదాని మీద ఒక్కో కథ. ఉలిపనికి వంక పెట్టను. 2020లో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చిన నిమ్మలకుంట మీ ఊరు, పనితనం గురించి నేను చెప్పేదేముంది! కానీ ఆ పద్నాలుగూ ఒక బల్ల మీద పెడితే సంతలా ఉంటుంది. కొనే ఇల్లాలు ఇంట్లో ఒక మూలను మనసులో పెట్టుకుని వస్తుంది. సోఫా పక్క బల్ల, మంచం పక్క స్టూలు, భోజనాల బల్ల పైన ఖాళీ. ముందు ఈ మూడు చోట్లకి మూడు కొలతలు ఖాయం చేసుకో, బొమ్మ సంగతి తర్వాత.

కొలతలు తోలును బట్టి రావాలి. మంచి మేకతోలులో పనికొచ్చేది సుమారు ఐదు చదరపు అడుగులనుకో. 10 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తు షేడుకి చుట్టుకొలత 31.4, అతుకుకి ఇంకో అంగుళం. అంటే 2.7 చదరపు అడుగులు పోతుంది. 6 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల ఎత్తు చిన్న షేడుకి 1.1. ఒక తోలులో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి వస్తాయి. ఇంకో తోలులో 10 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల ఎత్తుతో వేలాడే దీపం ఒకటి, చిన్నవి రెండు. మెడ, కాళ్ల ముక్కలు బుక్‌మార్కులకి, కీచైన్లకి. రెండు తోళ్లకి ఐదు దీపాలు, అదే నీ సెట్టు. తోలు నిడివి చాలకపోతే రెండు పలకలుగా కోసి, ఆ అతుకు మీద సన్నని అంచు గీసెయ్. దాచాలని చూస్తేనే అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇంకో లాభం చూడు: పెద్దదాని లోపల చిన్నది పడుతుంది. గిన్నెల సెట్టులా ఒకే డబ్బాలో పోతాయి, పార్సిల్ ఖర్చు తగ్గుతుంది.

ఇక బొమ్మ. గుండ్రటి షేడుని ఏ వైపు నుంచి చూసినా కుదురుగా కనిపించేది మూడో వంతే. పెద్దదాని మీద బొమ్మ వెడల్పు 10 అంగుళాలు దాటితే హనుమంతుడి తోక ఒకరికి, ముఖం ఇంకొకరికి కనిపిస్తాయి. అందుకే మూడు బొమ్మలు, మధ్యలో తీగ. అసలు దేవుళ్లని దీపాల మీద తగ్గించు. నేల మీద పెట్టాలన్నా, పడకగదిలో పెట్టాలన్నా మనవాళ్లు జంకుతారు. దేవుళ్లు గోడ పలకల మీదికి, నెమళ్లు, చిలకలు, లేళ్లు, చెట్టు దీపాల మీదికి. ఐదింటి మీదా ఒకే నెమలి వద్దు; పెద్దదాని మీద నెమలి ఉంటే చిన్నదాని మీద ఈకొక్కటి చాలు. వాటిని కలిపి ఉంచేది అంచు. ఒకే అంచు, ఒకే చిల్లుల వరస ఐదింటికీ వెయ్యి.

రంగులు మూడు, నాలుగోది తోలు రంగు. రంగద్దిన ప్రతి ముక్కనీ రెండుసార్లు చూడు: పగలు దీపం ఆర్పి, రాత్రి వెలిగించి. ఇంట్లో దీపం ఆరి ఉండే గంటలే ఎక్కువ కదా. వెలిగినప్పుడు నిప్పులా ఉండే ఎరుపు పగలు ఇటుకలా మొద్దుగా కనిపించవచ్చు. వీపు భాగం తోలు మందం, వెలుగు తక్కువ దిగుతుంది. లేతరంగులు అక్కడ, ముదురువి పొట్ట భాగంలో.

చట్రం దగ్గరే ఎక్కువ సరుకు పాడవుతుంది. తడితోలు ఆరేటప్పుడు ముడుచుకుని గట్టిగా లాగుతుంది. పెద్ద రింగుకి 4 మి.మీ. చువ్వ, చిన్నదానికి 3 మి.మీ. చువ్వ వాడు. అంతకన్నా సన్నం వాడితే రింగు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వట్టి ఇనుము మీద తడితోలు కుడితే తుప్పు మరక కుట్టు వెంబడి పైకి పాకుతుంది, అది కడిగినా పోదు. ముందే ఎనామిల్ వేయించి, పూర్తిగా ఆరాక కుట్టు. కుట్టుకి అంగుళం లోపల చిల్లు కొట్టకు, చినుగు అక్కడి నుంచే మొదలవుతుంది.

బల్బు 5 వాట్ల ఎల్ఈడీ, పెద్దదానికి 7. వెలుగు రంగు 2700 నుంచి 3000 కెల్విన్, అంటే పసుపుఛాయ. 6500 తెల్లబల్బు పెడితే నీ పసుపు, ఎరుపు రెండూ పాలిపోతాయి. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు వేడికి తోలు ఎండి కుట్లు తెగుతాయి, ఆ మాట చీటీ మీద అచ్చేయించి కట్టు. బల్బుకీ తోలుకీ మూడంగుళాల ఎడం ఉండాలి. చిన్న షేడులో అంత చోటుండదు కాబట్టి అందులో సన్నబల్బే. విదేశీ బేరమైతే హోల్డరు అడుగు: మన బల్బులు ఎక్కువగా పిన్నువి, యూరప్, అమెరికాల్లో మరవి. అమెరికాలో కరెంటూ 120 వోల్టులే. వాళ్లకి వైరు లేకుండా షేడు ఒక్కటే పంపడం మేలు.

వానాకాలంలో ప్యాకింగుకి తొందరపడకు. చెమ్మ ఆరని తోలుని ప్లాస్టిక్‌లో బిగిస్తే బూజు పట్టి, డబ్బా తెరవగానే వాసన కొడుతుంది. కాగితం చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి పంపు.

ఒక దీపానికి ధర లెక్క ఇలా వెయ్యి. సరుకుకి 700, రోజుకి 700 చొప్పున రెండు రోజుల కూలి 1,400 అనుకో. పాడయ్యేదానికి పదో వంతు, 210. మొత్తం 2,310. నీ లాభం కలిపి షాపుకి 2,800కి ఇస్తే, వాళ్లు దాదాపు రెట్టింపు పెడతారు. ఎగ్జిబిషన్‌లో నువ్వు 3,000కే అమ్మావో, ఆ షాపువాడు మళ్లీ నీ గడప తొక్కడు. స్టాలు అద్దె, రైలు, బస అన్నీ నీ మీదే పడతాయి గనక షాపువాళ్లు అమ్మే ధరకి దగ్గర్లోనే అమ్ము. 200 రూపాయల బుక్‌మార్కులు ముందు వరసలో ఉంచు, చేతిలో ఏదో పట్టుకున్నవాళ్లు ఇంకాసేపు నిలబడతారు.

మొదటి విడత మూడు సెట్లకి మించి చెయ్యకు. స్టాలులో నోటుపుస్తకం పెట్టుకుని, పట్టుకుని చూసి కొనకుండా దించేసిన ప్రతి దీపానికీ ఒక గీత గియ్యి. ఏమన్నారో కూడా రాయి: "పెద్దగా ఉంది", "శుభ్రం చెయ్యడమెట్లా", "వేరే రంగుందా". టేపు, ఇంకో రెండు బల్బులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు నీ దగ్గరే ఉండాలి. స్టాలులో ప్లగ్గు ఎప్పుడూ అవతలి మూలనే ఉంటుంది.