తప్పు చేసిన వైపు నుంచి ఒక జవాబు

పదహారేళ్ల కాపురం తర్వాత భర్తకు వేరొకరితో సంబంధం ఉందని తెలిసిందని, ఆయనేమో "అయిపోయింది కదా, ఇంకా ఎందుకు తవ్వుతావు" అంటున్నారని, మళ్లీ నమ్మవచ్చా అని మీరు అడిగారు. మీ ఆయన ఉన్న చోట ఒకప్పుడు ఉన్నవాణ్ణి నేను. నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీ ఇష్టం.

మా కాపురం నెల్లూరులో, రొయ్యల గుంటలు విడవలూరు మండలంలో. వనామీ రకం రొయ్య పిల్ల వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు ఇంటికి చుట్టంలా వచ్చి పోయేవాణ్ణి. రోజుకు నాలుగు సార్లు మేత. వేసిన ప్రతిసారీ, కాస్త మేత పెట్టి నీళ్లలో దించిన చెక్ ట్రే ఎత్తి ఎంత తిన్నాయో, ఎంత వదిలేశాయో చూడాలి. రొయ్య మేత తగ్గిస్తే ఆ పూటే తెలిసిపోయేది నాకు. మా ఆవిడ సరిగా తినడం మానేసిన సంగతి మాత్రం మా అమ్మ చెబితే గాని తెలియలేదు.

ఇదంతా వేరొకరితో నా వ్యవహారం మొదలుకాక ముందే. డబ్బు తెచ్చి ఇస్తున్నాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాత చేసిన తప్పు వివరాలు ఇక్కడ అనవసరం. ఏడాది నడిచింది. గుంటల దగ్గరున్నానని చెప్పి లేని రాత్రులు ఎన్నో.

బయటపడ్డాక నేనూ మీ ఆయన మాటే అన్నాను. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మన ముఖం మనమే చూసుకోవలసి వస్తుంది, అది భరించలేక అనే మాట అది. వినేవారికి మాత్రం "నువ్వు ఎన్నాళ్లు బాధపడాలో నేను చెబుతాను" అన్నట్టే ఉంటుంది.

ఆమె ఒంగోలులో పుట్టింట్లో రెండు నెలలు ఉండి తిరిగి వచ్చింది. పిల్లల పరీక్షల కోసం వచ్చానని, నా కోసం కాదని ముఖానే చెప్పింది. ఆ వారమే ఒక రాత్రి పదకొండింటికి ఫోను చేసి, "ఫోను ఏరియేటర్ దగ్గర పెట్టండి" అంది. గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రం అది. దాని రెక్కలు నీళ్లను కొట్టే చప్పుడు కాసేపు విని పెట్టేసింది. మరునాడూ అంతే. వేళలు మార్చి మార్చి చేసేది. రెండో వారానికి నాకు రోషం వచ్చింది. "నేనేమైనా దొంగనా?" అన్నాను. "కాదా?" అంది.

ఆ వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, రొయ్యలు గట్టుకు చేరడం మొదలైంది. మూడింటికి ఫోను. వినిపించడానికి చప్పుడే లేదు. "కరెంటు లేదు" అన్నాను. గుంటల దగ్గర లేని రాత్రుల్లో చెప్పిన అబద్ధమూ అదే. గంటలోపే మా బావమరిది బండి మీద వచ్చేసింది. నేను నడుము లోతు నీళ్లలో ఆక్సిజన్ మాత్రలు చల్లుతున్నాను. ఒక్క మాటా అనకుండా టార్చి అందుకుని గట్టు మీద నిలబడింది. ఇక గట్టెక్కాను అనుకున్నాను. మరునాటి రాత్రి మళ్లీ ఫోను: "ఏరియేటర్ దగ్గర పెట్టండి."

ఏడాదిన్నర సాగింది. అందుకే చెబుతున్నాను, మీ ఆయన క్షమాపణ ఎంత బాగా అడుగుతున్నారో చూడకండి. నేనూ చాలా బాగా అడిగాను, ఏడ్చాను కూడా. అడిగిన ప్రశ్నే పదోసారి అడిగినా విసుక్కోకుండా అదే జవాబు చెబుతున్నారా, అడగకముందే చెబుతున్నారా, అది చూడండి. "మగవాళ్లన్నాక మామూలే, సర్దుకో" అన్న మీ అత్తగారి మాట పక్కన పెట్టండి. మా పెద్దలూ పంచాయతీ పెట్టి అదే అన్నారు. నాకు హాయిగా అనిపించింది, ఆమె ఆ రాత్రే ఒంగోలు బస్సెక్కింది.

మీ అన్నయ్య పోలీసు కేసు అంటున్నారని రాశారు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. అది ఉన్న రోజుల్లో కూడా భార్య దాని కింద భర్త మీద కేసు పెట్టే వీలు లేదు. విడాకులకు మాత్రం హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో వివాహేతర సంబంధం ఇప్పటికీ ఒక కారణమే. ఇద్దరూ ఒప్పుకుంటే 13బి ఉంది, దానికి కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. మిమ్మల్ని అటు నెట్టాలని చెప్పడం లేదు. మా ఆవిడ ఇవన్నీ నెల్లూరులో ఒక వకీలును అడిగి తెలుసుకుని వచ్చిందని నాకు చాలా కాలానికి తెలిసింది. వెళ్లిపోయే దారి తెలిశాకే ఉండాలనిపించిందని అంది.

నిరుడు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, ఒక్కో కోరికకు ఒక్కో పేరుతో రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగకు ఇద్దరం వెళ్లాం. ఏ రొట్టె పట్టుకుంటుందోనని దొంగచూపు చూశాను. సౌభాగ్య రొట్టె ఇచ్చేవాళ్లను దాటుకుని వెళ్లి ఆరోగ్య రొట్టె అందుకుంది. మా అమ్మ మోకాళ్ల కోసమట. ఇప్పటికీ నెలకో రెండు నెలలకో రాత్రిపూట ఫోను వస్తుంది. ఎందుకని అడగను, లేచి ఏరియేటర్ వైపు నడుస్తాను.