అమ్మానాన్నలు స్టాక్‌హోమ్ వస్తున్నారా?

"జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారండీ, ఏం చూపించాలి, బయట ఏం తినిపించాలి?" కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నేను చెప్పేది ఒక్కటే: రోజుకు ఒక్క మ్యూజియం పెట్టుకోండి, హోటల్లో తినాలనుకుంటే మధ్యాహ్నమే తినండి.

ముందు వాసా మ్యూజియం. 1628 ఆగస్టు 10న తొలిసారి బయల్దేరి, కిలోమీటరున్నర కూడా వెళ్లకుండానే మునిగిపోయిన యుద్ధనౌక అది. పైన రెండు వరసల ఫిరంగులు, అడుగున చాలినంత బరువు లేదు. గాలికి పక్కకు ఒరిగేసరికి ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు లోపలికి వచ్చేశాయి. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, ఓడల కలపను తినే పురుగు అక్కడ బతకదు. అందుకే 1961లో పైకి తీసినప్పుడు ఓడ దాదాపు మొత్తంగా దొరికింది. బోర్డులు చదివే ఓపిక లేని పెద్దవాళ్లకూ ఇది నచ్చుతుంది. లోపల చల్లగా ఉంచుతారు, అమ్మకు స్వెటర్ తీసుకెళ్లండి. స్లుస్సెన్ నుంచి ఫెర్రీలో వెళ్లండి, మెట్రో టికెట్టే సరిపోతుంది.

పాతబస్తీ గామ్లా స్టాన్‌లో నోబెల్ మ్యూజియం చిన్నదే. అక్కడి కేఫ్‌లో కూర్చుంటే కుర్చీ ఒకసారి తిరగేసి చూడండి, అడుగున నోబెల్ గ్రహీతల సంతకాలు ఉంటాయి. 1930లో బహుమతి అందుకున్న సి.వి. రామన్ చిన్నప్పుడు విశాఖపట్నంలో చదివారని చెబితే నాన్నగారికి హుషారు వస్తుంది.

నేషనల్ మ్యూజియం, మోడర్నా మ్యూజియెట్ అనే ఆర్ట్ మ్యూజియంలు సోమవారం మూసేస్తారు. ఆ రోజు మెట్రో ఎక్కి స్టేషన్ల గోడల మీది బొమ్మలు చూడండి. టీ-సెంట్రాలెన్‌లో బ్లూ లైన్ గోడల మీద నీలం తీగలు, సోల్నా సెంట్రుమ్‌లో ఎర్రటి ఆకాశం. 75 నిమిషాల టికెట్‌తో ఎన్ని స్టేషన్లయినా దిగి చూడొచ్చు. నా లెక్కలో ఊళ్లో చవకైన ఆర్ట్ గ్యాలరీ ఇదే.

ఇక తిండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సుమారు 11 నుంచి 2 వరకు చాలా హోటళ్లలో "డాగెన్స్ లుంచ్", అంటే ఆ రోజు ప్రత్యేక భోజనం, ఉంటుంది. సలాడ్, బ్రెడ్, కాఫీ సాధారణంగా అందులోనే కలిపి ఇస్తారు. అదే హోటల్లో రాత్రి కూర్చుంటే బిల్లు చూసి నాన్నగారు రూపాయల్లో లెక్క వేస్తారు, ఆ టెన్షన్ ఎందుకు? బీఫ్, పోర్క్ తిననివాళ్లు మాత్రం జాగ్రత్త. షెట్‌బుల్లార్ అనే మాంసం ఉండల్లో తరచుగా రెండూ కలిపే ఉంటాయి. గురువారం పెట్టే బఠాణీ సూప్ పప్పులాగే కనిపిస్తుంది కానీ మామూలుగా పోర్క్ వేసే వండుతారు. "వెజిటేరిస్క్" అంటే గుడ్డు ఉండొచ్చు, గుడ్డు కూడా వద్దంటే "వెగాన్స్క్" అడగండి. చాలాచోట్ల నోట్లు తీసుకోరు, పెద్దవాళ్ల చేతిలో ఒక కార్డు ఉంచండి.

జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సొమ్మర్ పండుగ, ఊరు సగం మూతపడుతుంది. ఆ రోజు పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని స్కాన్సెన్ అనే ఆరుబయట మ్యూజియంకు వెళ్లిపోండి. పూలు కట్టిన స్తంభం నిలబెట్టి చుట్టూ ఆడతారు, అమ్మను కూడా లాక్కెళ్తారు.