తిరుపతిలో షాపు బాడుగలకు ప్రభుత్వం పరిమితి పెడితే చిన్న వ్యాపారికి మేలు జరుగుతుందా?

జరగదు. బాడుగల నియంత్రణ చట్టం మనకు 1960లోనే వచ్చింది. ఇక్కడ టిఫిన్ సెంటర్ నడుపుతున్న నాకు దానివల్ల రూపాయి మిగిలింది లేదు. అగ్రిమెంట్ పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. అడ్వాన్సులో సగానికి రసీదే ఉండదు. ఇంక ఏ చట్టాన్ని పట్టుకుని ఎవరిని అడిగేది?

మా వీధికి సిమెంటు రోడ్డు పడిన కొత్తలో షాపు ఓనరు పొద్దున్నే వచ్చి గల్లాపెట్టె ఎదురుగా కూర్చున్నాడు. ఇడ్లీ తిన్నాడు, కాఫీ తాగాడు, లేవలేదు. చూపంతా పార్సిల్ పొట్లాల మీదే. ఎన్ని కడుతున్నామో లెక్కేస్తున్నాడని మా దోసె మాస్టరుకు కూడా అర్థమైపోయింది. రద్దీ తగ్గాక, "రోడ్డు పడినాక యాత్రికులు బాగా వస్తాండారే. ఇంగా పాత బాడుగంటే ఎట్లా సామీ?" అన్నాడు. రోడ్డు వేసింది మన పన్నులతో. తెల్లవారకముందే లేచి చట్నీ రుబ్బేది మేము. ఆయన గోడకు సున్నం కూడా కొట్టించలేదు. పైగా ఆ ఇడ్లీ కాఫీలకు డబ్బులు తీసుకోలేం కదా!

బాడుగ పెరిగిందని నేను దోసె రేటు పెంచితే జనం పక్క బండికి పోతారు. కౌలు ఎక్కువని ధాన్యం ధర పెరగదు, ధాన్యానికి ధర పలుకుతోందనే కౌలు పెరుగుతుందని ఇంగ్లండు ఆర్థికవేత్త రికార్డో 1817లోనే చెప్పాడు. మా ఓనరు ఆయన్ను చదవకుండానే ప్రాక్టికల్‌గా చేసి చూపించాడు.

అందుకే నేననేది, కట్టడాన్ని వదిలేసి నేల విలువ మీద గట్టిగా పన్ను వేయాలి. హెన్రీ జార్జ్ అనే అమెరికా ఆయన పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ మాట మొత్తుకున్నాడు. ఓనరు ఆ పన్ను కూడా నీ నెత్తినే వేస్తాడంటారు. ఎట్లా వేస్తాడు? పిండగలిగినంతా ఇప్పటికే పిండుతున్నాడు. ఇంకా అడిగితే షట్టర్ దించేసి పోతాను, ఖాళీ షాపుకు పన్ను ఆయనే కట్టుకోవాలి.

మన రాష్ట్రంలో 2021లో ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే ఆస్తి ఖరీదుకు మార్చారు. అందులోనూ కట్టడం కలిపే లెక్క. మా పక్కనే ఓ ఖాళీ స్థలం కంపచెట్లతో పడుంది, యజమాని బెంగళూరులో ఉంటాడు. కొంటామని ఎవరొచ్చినా అంకణం రేటు ఇంకా పెరగనీ అంటాడట. నేల మీద పన్ను గట్టిగా పడితే ఇట్లా ఊరికే పెట్టుకుంటాడా? అందులో పందులు పొర్లుతుంటే ముక్కు మూసుకునేది నా కస్టమర్లు.