99 ఉందని వదిలేయకు: రుమటాలజీ వార్డులో నర్సుగా చేరిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

"రుమటాలజీ వార్డులో డ్యూటీ వేశారు పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది" అని రాత్రి ఫోన్‌లో అన్నావు. నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ మనసొప్పలేదు, అందుకే రాస్తున్నాను. ముప్పై ఒక్కేళ్ల నర్సు సర్వీసులో చివరి పదకొండేళ్లు నేను ఇలాంటి, అంటే కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులున్న పేషెంట్ల మధ్యే ఉన్నాను.

ఇన్‌ఫెక్షన్ అంటే జ్వరం, వాపు, ఎరుపు, చీము అని చదువుకున్నాం కదా. నీ వార్డులో చాలాసార్లు అవేవీ సరిగా కనబడవు. లూపస్‌లో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కిడ్నీల మీద, కీళ్ల మీద, చర్మం మీద పడుతుంది. దాన్ని అణచడానికి స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి ఇస్తారు. దాంతో దాడి తగ్గుతుంది, బయటి క్రిమితో పోరాడే శక్తీ తగ్గుతుంది. జ్వరం కూడా ఆ పోరాటంలో భాగమే కాబట్టి, లోపల ఎంత జరుగుతున్నా అది పైకి తేలకపోవచ్చు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పంతొమ్మిదేళ్ల పిల్ల. సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించి పది రోజులైంది, రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా వేసుకుంటోంది. రాత్రి రెండింటప్పుడు "సిస్టర్, ఒంట్లో ఏదోలా ఉంది" అంది. థర్మామీటర్ పెట్టి చూస్తే 99. "ఏం లేదమ్మా, పడుకో" అని దుప్పటి కప్పి వచ్చేశాను. పల్స్ చూడలేదు. నాలుగింటికి మళ్లీ వెళ్లేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి, నుదుటి నిండా చెమట, పల్స్ 130, పై బీపీ 80 కూడా లేదు. ఆరు రోజులు ఐసీయూలో ఉండి బతికింది. ఇంటికెళ్లే రోజు నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెబుతుంటే, ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను.

అందుకే చెబుతున్నాను. పేషెంటు "ఏదోలా ఉంది" అంటే థర్మామీటరుతో ఆగిపోకు. పల్స్, బీపీ, ఆక్సిజన్ చూడు, ఊపిరిని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. మనిషి తికమకగా మాట్లాడుతోందా, సాయంత్రం నుంచి యూరిన్ ఎంత వచ్చింది, అదీ చూడు. ఆవిడ అన్న మాటను ఆవిడ మాటల్లోనే నోట్స్‌లో రాయి. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన తేదీ నీకు ఎప్పుడూ కళ్లెదురుగా ఉండాలి, ఎందుకంటే తెల్లకణాలు బాగా పడిపోయేది సుమారు ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్యలోనే. న్యూట్రోఫిల్స్, అంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు, 500 లోపు ఉన్నవాళ్లకి 100.4 వచ్చిందంటే అది ఎమర్జెన్సీ. రక్తంలో క్రిమి ఉందేమో చూసే బ్లడ్ కల్చర్ తీయడం, గంటలోపు యాంటీబయాటిక్ మొదలవడం, రెండూ జరగాలి. నిద్ర లేపావని డ్యూటీ డాక్టర్ విసుక్కుంటే విసుక్కోనీ, నువ్వు మాత్రం లేపు. అలాంటివాళ్లకి ఎనిమా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) వద్దు, మలద్వారంలో టెంపరేచర్ చూడొద్దు.

చేతులు కడుక్కునే సంగతి నీకు తెలిసిందే అయినా, బెడ్‌కీ బెడ్‌కీ మధ్య మర్చిపోయేది ఎక్కువగా దాన్నే. క్యాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) పోర్టును స్పిరిట్ దూదితో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిచ్చాకే సిరంజి పెట్టు. రోజూ టార్చి వేసి నోట్లో చూడు. తెల్లటి పూత, పుళ్లు నీకంటే ముందు ఎవరూ చూడరు. వారాల తరబడి దగ్గు ఉండి బరువు తగ్గుతుంటే లూపస్సే అనుకుని ఊరుకోకు, స్టెరాయిడ్ల మీద ఉన్నవాళ్లలో పాత టీబీ మళ్లీ లేస్తుంది. నీకే జలుబు చేస్తే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పి వేరే పని అడుగు.

మందుల్లో నాకు భయం పుట్టించేది కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డిశ్చార్జి అప్పుడు అట్ట మీద వారం పేరు తెలుగులో రాసి, చదువు రాకపోతే "సంత రోజునే అమ్మా" అని వాళ్లకి గుర్తుండేలా చెప్పి, తిరిగి వాళ్ల నోటితోనే చెప్పించు.

స్టెరాయిడ్లతో ఇంకో చిక్కు. మొహం ఉబ్బుతుంది, మొటిమలు వస్తాయి. పెళ్లిచూపులు ఉన్నాయని మాత్రలు ఒక్కసారిగా మానేసిన పిల్లల్ని చూశాను, వాంతులతో, బీపీ పడిపోయి వచ్చారు. చాలాకాలం బయటి నుంచి ఇస్తే ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది మరి. "డాక్టర్‌గారు మెల్లగా తగ్గిస్తారు, నువ్వు మాత్రం ఆపకు" అని చెప్పు. ఆ మొహం గురించి ఏడిస్తే కాసేపు పక్కన కూర్చో. లూపస్ వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆడవాళ్లే, ఎక్కువమంది నీ ఈడువాళ్లే.

ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడు. ఒకావిడకి అత్తగారు కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. ఇది అంటుకునే జబ్బు కాదని, మన దగ్గు, జలుబే ఆ పిల్లకి అంటకుండా చూడాలని నేను చెప్పాక ఆవిడ తనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడలి పక్కన కూర్చుంది. బాగా ఉడికిన వేడి అన్నం, కూర పెట్టమను. బండి మీది చెరకురసం, కోసి పెట్టిన పళ్లు వద్దు. ఎండ పడితే లూపస్ రేగుతుంది, పడమటి కిటికీ పక్కన బెడ్ ఉంటే మార్పించు.

సోమవారం నీకు మొదటి నైట్ డ్యూటీ అన్నావు. డ్యూటీ మారేటప్పటి హ్యాండోవర్‌లో ప్రతి బెడ్ దగ్గరికీ వెళ్లి మనిషిని చూసి తీసుకో, కౌంటర్ దగ్గర నిలబడి వినేసి రాకు. తెల్లారాక పడుకునే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఒక్కొక్క బెడ్ గురించి వింటాను.

మీ పెద్దమ్మ