ఎన్జీవోలో అకౌంట్స్ చేస్తానంటోంది మా అమ్మాయి, ఒప్పుకోవాలా?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి బీకాం ఫైనలియర్, 68 శాతం, ఎన్జీవోల ఫైనాన్స్ వైపు వెళ్తానంటోందట. సీఏ చేయించాలా, ఎంబీఏనా, ఆన్‌లైన్‌లో ఆర్నెల్ల సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) సర్టిఫికెట్ కోర్సు చాలా, అసలు జీతం వస్తుందా అని.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదండి. కోర్సుల పేర్లు అడుగుతారు గానీ లోపల భయం వేరే, సేవ చేసే చోట మా పిల్ల బతుకేంటి, సంబంధాలవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అని. భయపడకండి, అది గట్టి లెక్కల పని. ఒక ట్రస్టులో నేను పక్కన కూర్చుని చూశాను, ఒకే జీపు ఒకే రోజు రెండు ఊళ్ళకెళ్ళింది, ఒకచోట బడి ప్రాజెక్టు, ఇంకోచోట నీళ్ళ ప్రాజెక్టు, డబ్బులిచ్చినవాళ్ళు వేర్వేరు, డీజిల్ బిల్లు మాత్రం ఒకటే. అక్కడి అకౌంటెంటమ్మ లాగ్‌బుక్‌లో కిలోమీటర్లు చూసి బిల్లుని రెండుగా విడగొట్టి ఎవరి ఖాతాలో వాళ్ళది రాసింది. విదేశీ డబ్బైతే ఇంకా జాగ్రత్త, ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి, దాని పుస్తకాలు వేరే, దానిమీద వచ్చే వడ్డీ కూడా విదేశీ డబ్బు కిందే లెక్క, ఆ డబ్బులో అడ్మిన్ ఖర్చు, అంటే ఆఫీసు నిర్వహణ ఖర్చు, 50 శాతం దాకా ఉండొచ్చనేది 2020లో 20కి దించారు. ఇవన్నీ తెలిసిన మనిషిని ఏ సంస్థా తేలిగ్గా వదులుకోదు.

ఆ సర్టిఫికెట్ కోర్సు మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి అని స్లైడ్లు బాగా చూపిస్తారు, బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే మన పుస్తకాల్నీ బ్యాంకు లెక్కనీ సరిచూడడం, చేయించరు. ఆ కోర్సు చేసొచ్చిన ఒకబ్బాయిని కార్పస్ డొనేషన్, అంటే ఖర్చు పెట్టకుండా మూలనిధిగా ఉంచమని ఇచ్చిన విరాళం, ఎక్కడ చూపిస్తావంటే మామూలు విరాళాలతో కలిపి ఆదాయంలో వేస్తానన్నాడు, నాకు బాధేసింది, ఫీజు కట్టింది వాళ్ళమ్మ.

కోపం తెచ్చుకోకండి గానీ, మీ మెసేజ్‌లో జీతం మాట నాలుగుసార్లుంది, పిల్లకి ఈ ఆలోచన ఎందుకొచ్చిందో ఒక్కసారి కూడా లేదు. అడిగారా అసలు?

నా మాటైతే సీఏ. బీకాంలో 55 శాతం దాటింది కాబట్టి నేరుగా సీఏ ఇంటర్‌కి వెళ్ళొచ్చు, అది పాసయ్యాక రెండేళ్ళ ఆర్టికల్‌షిప్ (పని నేర్చుకునే శిక్షణ) ట్రస్టుల ఆడిట్లు చేసే ఫర్మ్‌లో వెతకండి. రేపు మనసు మారినా ఆ చదువు ఏ కంపెనీలోనైనా చెల్లుతుంది. ఎంబీఏ ఇప్పుడే వద్దు. చిన్న సంస్థల్లో మొదట్లో జీతం తక్కువే, దాచను. డిగ్రీ పరీక్షలవ్వగానే మీ దగ్గర్లో ఏదైనా ట్రస్టు ఆఫీసులో ఒక నెల కూర్చుని వోచర్లు రాయనివ్వండి, ఆ నెల తర్వాత మీరిద్దరూ కలిసి నాకు ఫోన్ చేయండి.